ఏడిపించేది ఒక్కరే, నవ్వేది నలభై మంది

పిల్లల మధ్య వేధింపుల గురించి ఫిర్యాదు వస్తే ప్రధానోపాధ్యాయుల గదిలోకి ఇద్దరినే పిలుస్తాం. ఏడిపించినవాడు ఒక పక్క, ఏడ్చినవాడు మరో పక్క. ఒకడికి చీవాట్లు, ఇంకొకడికి ఓదార్పు. "ఇకమీదట ఇలా చేయను" అని కాగితం మీద రాయించుకుని, ఇద్దరి చేతులూ కలిపించి తరగతికి పంపేస్తాం. ఆ సమయంలో తరగతిలో కూర్చున్న మిగతా నలభై మందినీ ఎవరూ ఏమీ అడగరు. ఏడిపిస్తున్నప్పుడు చుట్టూ నిలబడి నవ్వింది వాళ్లే. నవ్వకపోయినా చూసింది వాళ్లే. ఈ వేధింపు తరగతి మొత్తం కలిసి చేసేదని, దాన్ని ఆపగలిగేదీ ఆ తరగతేనని నా నమ్మకం. ఆ ఒక్క మాట గట్టిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా బడికి మూడు రకాల ఊళ్ల నుంచి పిల్లలు వస్తారు. సముద్రం ఒడ్డున ఉన్న పల్లెల నుంచి కొందరు, రహదారి పక్కన పెరిగిన చిన్న పట్నం నుంచి కొందరు, మందస, మెళియాపుట్టి కొండల వైపు నుంచి వచ్చి వసతిగృహంలో ఉండి చదువుకునేవాళ్లు కొందరు. ఒకే యూనిఫారం, ఒకే గంట, ఒకే మధ్యాహ్న భోజనం. అయినా ఎవరు ఎవరిని చూసి నవ్వవచ్చో ఆరో తరగతిలో చేరిన నెల రోజుల్లోనే పిల్లలందరికీ తెలిసిపోతుంది.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి గుజరాత్‌లోని వేరావల్ రేవుకు బోటు పనికి వెళ్లాడు. మా తీరం నుంచి అలా వెళ్లేవాళ్లు ఊరూరా ఉన్నారు. తల్లి చేపల గంప ఎత్తుకుని చుట్టుపక్కల ఊళ్లలో అమ్ముకుంటుంది. ఈ అమ్మాయి బెంచీల మధ్య నుంచి నడిచి వెళుతుంటే ముందు వరుసలో ఒకమ్మాయి చున్నీ కొస ముక్కు దగ్గరికి తీసుకువెళుతుంది. వెనకాల ఇద్దరు నవ్వు ఆపుకుంటారు. మిగతావాళ్లు పుస్తకాల్లోకి తలలు దించుకుంటారు. ఒక్క తిట్టు లేదు, ఒక్క దెబ్బ లేదు. నేను నల్లబల్ల వైపు నుంచి తిరిగేసరికి చున్నీ మళ్లీ భుజం మీదికి వచ్చేస్తుంది. ఎవరినైనా నిలదీస్తే "మేమేమీ అనలేదు టీచర్" అంటారు. అది నిజం కూడా. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ అమ్మాయి పొద్దున్నే రెండుసార్లు స్నానం చేసేది. యూనిఫారం రోజూ ఉతుక్కునేది. సంచిలో పౌడరు డబ్బా పెట్టుకుని వచ్చేది. తర్వాత ఒకరోజు దారిలో కనిపించినప్పుడు వాళ్లమ్మ నాతో అన్నది: "బడికి రావద్దంటోంది టీచర్ గారూ. మీటింగులుంటే పిన్నిని పంపమంటోంది." తండ్రి ఏడాదిలో చాలా నెలలు ఎదుట ఉండడు. ఉన్న తల్లిని కూడా ఆ పిల్ల బడి గుమ్మం బయటే నిలిపేసుకుంది. ముక్కు మూసుకున్న వాళ్లకు ఈ సంగతి తెలియదు. తెలిసే అవకాశం కూడా మేం ఎప్పుడూ కల్పించలేదు.

ముక్కు మూసుకోవడం మొదలుపెట్టిన అమ్మాయి ఎవరో చెబితే చాలామంది నమ్మరు. తరగతిలో మొదటి ర్యాంకు. ఉదయం ప్రార్థనలో ప్రతిజ్ఞ చదివించేది ఆమే. వేధించే పిల్లలంటే మన మనసులో ఒక బొమ్మ ఉంది: చివరి బెంచీ, చదువురాని మొద్దు, తాగుబోతు తండ్రి, చొక్కా గుండీలు ఊడిపోయిన మొరటు కుర్రాడు. అలాంటివాళ్లు లేరని కాదు. కానీ ఎవరి మనసు ఎక్కడ నొచ్చుకుంటుందో బాగా కనిపెట్టగలిగినవాళ్లు, గుంపును తమ వైపు తిప్పుకునే నేర్పు ఉన్నవాళ్లు వేధించేవారిలో ఉంటారని ఇంగ్లండులో 1999లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. నా అనుభవం కూడా అదే. దెబ్బలు కొట్టేవాడిని పట్టుకోవడం సులువు. తెలివైన పిల్లల వేధింపు మా కళ్ల ముందే జరిగిపోతుంది. పైగా మా మెచ్చుకోలు కూడా వాళ్లకే దక్కుతుంది.

ఈ విషయాన్ని ప్రపంచంలో మొదట శ్రద్ధగా పరిశీలించిన వారిలో మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ ముఖ్యుడు. 1970ల మొదట్లో స్కాండినేవియా బడుల్లో పని ప్రారంభించాడు. 1982లో నార్వే ఉత్తర ప్రాంతంలో ముగ్గురు బాలురు ప్రాణాలు తీసుకున్నారు. తోటి పిల్లల వేధింపే దానికి కారణమై ఉంటుందని వార్తలు వచ్చాక దేశం ఉలిక్కిపడింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం దేశమంతటా బడుల్లో దీనిపై కార్యక్రమం చేపట్టింది. మామూలు తగాదాకు, వేధింపుకు తేడా చెప్పడానికి ఓల్వేయస్ మూడు గుర్తులు పెట్టాడు: నొప్పించాలనే ఉద్దేశం ఉండడం, మళ్లీ మళ్లీ జరగడం, ఇద్దరి బలాలు సమానంగా లేకపోవడం. ఈ మూడోదే అసలైనది. బలం అంటే కండబలం ఒక్కటే కాదు. వెనకాల నిలబడే జట్టు బలం, ఇంటిపేరు బలం, రంగు, మార్కులు, మాట్లాడే తీరు, అన్నీ బలాలే.

అందుకే చేతులు కలిపించడం అంటే నాకు ఒళ్లుమంట. క్రికెట్లో అవుటా కాదా అని ఇద్దరు కుర్రాళ్లు కొట్టుకుంటే చేతులు కలిపించవచ్చు. అది సమానుల తగాదా. రోజూ ఒకడు ఎక్కి తొక్కుతుంటే, తొక్కించుకునేవాడిని కూడా పిలిచి "ఇద్దరూ సర్దుకుపొండి" అంటే, సగం తప్పు వాడిదేనని మేం ముద్ర వేసినట్టే. వాడు ఇక జన్మలో ఫిర్యాదు చేయడు.

ఫిన్లండు పరిశోధకురాలు క్రిస్టినా సాల్మివల్లి ఇంకో అడుగు ముందుకు వేసింది. 1996లో ఆరో తరగతి పిల్లలపై చేసిన పరిశీలనలో, వేధింపు జరిగేటప్పుడు తరగతిలోని దాదాపు ప్రతి ఒక్కరూ ఏదో ఒక పాత్రలో ఉంటారని తేల్చింది. వేధించేవాడికి చేయి అందించేవాళ్లు కొందరు. నవ్వుతూ, కేకలేస్తూ ఉత్సాహపరిచేవాళ్లు కొందరు. చూసీ చూడనట్టు పక్కకు తప్పుకునేవాళ్లు కొందరు. అడ్డుపడేవాళ్లు కొద్దిమంది. తిలాపాపం తలా పిడికెడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. టొరంటోలో పరిశోధకులు బడి ఆటస్థలాల్లో కెమెరాలు పెట్టి, పిల్లల బట్టలకు చిన్న మైకులు తగిలించి అసలేం జరుగుతోందో చూశారు. 2001లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం నూటికి 88 సందర్భాల్లో తోటి పిల్లలు పక్కనే ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరు అడ్డుపడింది 19 శాతం సందర్భాల్లోనే. కానీ అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సార్లు పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. ఏ ఉపాధ్యాయుడి వల్లా, ఏ చట్టం వల్లా కాని పని అది. ఒక తోటి పిల్ల "ఇక చాలు" అంటే చాలు.

మరి ఆ మాట ఎందుకు అనరు? భయం ఒకటి. ఈ రోజు అడ్డుపడితే రేపు తన వంతు వస్తుందని ప్రతి పిల్లకూ తెలుసు. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని మనం గుర్తించం. పన్నెండు, పద్నాలుగేళ్ల వయసులో అమ్మానాన్నల మెప్పు కంటే తోటివాళ్ల మెప్పు ప్రాణంతో సమానం. నవ్వే గుంపులో ఉంటే తాను సురక్షితం. వాళ్లకు ఆ అమ్మాయి మీద ద్వేషం లేదు. గుంపు బయట పడిపోతామన్న బెదురు ఉంది. విడివిడిగా పిలిచి మాట్లాడితే "పాపం టీచర్" అనని పిల్ల నాకు దాదాపు తారసపడలేదు. ఆ జాలి అంతా ఎవరి కడుపులో వాళ్లకే ఉండిపోతుంది. పక్కవాడికి కూడా అలాగే ఉందని ఒక్కరికీ తెలియదు.

అయితే ఎవరిని చూసి నవ్వాలో పిల్లలకు ఎవరు నేర్పారు? ఇక్కడ నా తోటి ఉపాధ్యాయులకు కోపం వచ్చినా సరే, చెప్పక తప్పదు. హాజరు పిలిచేటప్పుడు ఒక పిల్లవాడి పేరు దగ్గర ఆగి "ఏరా లావుగా, వచ్చావా" అని మాస్టారు అంటే తరగతి గొల్లుమంటుంది. ఆయనకు అది చనువు. తరగతికి మాత్రం అది అనుమతి పత్రం. ఉపకార వేతనాల ఫారాలు వచ్చినప్పుడు తరగతిలో నిలబెట్టి ఎవరు ఏ కులమో గట్టిగా చదివి పిలవడం ఎన్ని బడుల్లో చూడలేదు! మార్కులను బట్టి సెక్షన్లు చేసి, చివరి సెక్షన్‌ను ఉపాధ్యాయుల గదిలోనే ఒక మారుపేరుతో పిలుచుకోవడం కూడా అంతే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. బెత్తం చాలావరకు పోయింది. నోరు ఇంకా మిగిలి ఉంది.

కులం విషయంలో ఇది ఎంత దూరం పోగలదో 2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో చూశాం. తోటి విద్యార్థుల వేధింపుల సంగతి బయటపెట్టినందుకు ఒక దళిత విద్యార్థి ఇంట్లోకి చొరబడి అతన్ని కత్తులతో నరికారు. అడ్డువచ్చిన చెల్లెలినీ గాయపరిచారు. ఆ తర్వాత ఏర్పాటైన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో, కులాన్ని సూచించే రంగురంగుల చేతి దారాలు బడిలో ఉండకూడదని, హాజరు పట్టీలో కులం గడి ఉండకూడదని సిఫారసు చేసింది. అది వాళ్ల రాష్ట్రం సంగతి కదా అనుకోవడానికి వీల్లేదు. కులం పేరుతో పిలిచి ఫారాలు ఇచ్చే ప్రతి బడికీ ఆ సిఫారసు వర్తిస్తుంది.

మా జిల్లాలో ఇంకో గాయం ఉంది. అది మాట తీరుకు సంబంధించినది. శ్రీకాకుళం యాసను సినిమాల్లో నవ్వించడానికి వాడుకున్నారు. దాని ఫలితం మా పిల్లలు విశాఖపట్నం, విజయవాడల్లో ఇంటర్‌లో చేరిన మొదటి వారంలోనే అనుభవిస్తారు. పదో తరగతిలో గలగలా మాట్లాడే ఒక కుర్రాడు ఇంటర్ మొదటి ఏడాది దసరా సెలవులకు వచ్చినప్పుడు మా బడికి వచ్చాడు. తరగతిలో లేచి సందేహం అడిగితే వెనక నుంచి ఎవరో తన మాటను సాగదీసి మళ్లీ పలుకుతున్నారట. అందుకని అడగడం మానేశానన్నాడు. వింటుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. ఇదే కుర్రాడు మా బడి వరండాలో ఒక సవర గిరిజన పిల్లవాడి తెలుగును అచ్చంగా ఇలాగే సాగదీసి పలికేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. నేను ఆ సంగతి గుర్తుచేశాను. చాలాసేపు నేలచూపులు చూసి, "వాడు ఇప్పుడు ఎక్కడ చదువుతున్నాడు టీచర్?" అని అడిగాడు. ఆ సవర పిల్లవాడు తొమ్మిదో తరగతి మధ్యలోనే బడి మానేసి కొండకు వెళ్లిపోయాడు.

ఆ వరండాలోనే ప్రతి ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేస్తాం. 1863లో మా జిల్లాలోని పర్వతాలపేటలో, వంశధార ఒడ్డున పుట్టిన మనిషి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవరలతో మాట్లాడాలని పట్టుబట్టి వాళ్ల భాష నేర్చుకున్నాడు. దానికి వ్యాకరణం రాశాడు, నిఘంటువు కూర్చాడు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బుతో బడులు నడిపాడు. ఆయన గురించి వ్యాసరచన పోటీ పెట్టి బహుమతులు ఇస్తున్నాం. సవర పిల్లవాడు నోరు తెరిస్తే నవ్వకూడదని మాత్రం పిల్లలతో చెప్పడం లేదు. ఈ ఏడాది దండ వేసే రోజున ఒక సవర విద్యార్థిని వేదిక ఎక్కించి తన భాషలో పాఠం చెప్పించాలని, మిగతా పిల్లలు ఆ మాటలు పలకడానికి తంటాలు పడాలని నేను ప్రతిపాదించాను. తడబడడం ఎలా ఉంటుందో ఒక్క గంటయినా వాళ్లకు తెలుస్తుంది.

"మేమూ ఇవన్నీ పడ్డవాళ్లమే, గట్టిపడ్డాం, ఏమైంది?" అనే పెద్దలు ప్రతి సమావేశంలో ఉంటారు. బ్రిటన్‌లో 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన పిల్లలను దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చిన అధ్యయనం ఒకటి ఉంది. ఏడేళ్లకు, పదకొండేళ్లకు తోటివాళ్ల చేతిలో తరచూ వేధింపులకు గురైనవాళ్లకు యాభయ్యో ఏట కూడా కుంగుబాటు, ఆందోళన ఎక్కువగా ఉన్నాయని 2014లో తేలింది. గట్టిపడ్డామని చెప్పేవాళ్ల మాట నేను కాదనను. గట్టిపడలేకపోయినవాళ్లు సమావేశాల్లో లేచి మాట్లాడరు, అంతే. ఊరిలో మారుపేర్లు ప్రేమతోనే పెడతారని కూడా అంటారు. కావచ్చు. ఒక పరీక్ష ఉంది: ఆ పేరు పెట్టినవాడిని ఈ పిల్లవాడు కూడా తిరిగి అలాంటి పేరుతో పిలవగలడా? పిలిచి నవ్వగలడా? పిలవగలిగితే అది స్నేహం.

ఇంకో అలవాటు మనందరి ఇళ్లలోనూ ఉంది. పిల్ల వచ్చి ఫలానావాడు ఇలా చేస్తున్నాడంటే "చాడీలు చెప్పకు" అని కసురుతాం. ఒకటి రెండు సార్లు కసిరించుకున్న పిల్ల ఆ తర్వాత నోరు విప్పదు. తన మీద జరిగినదీ చెప్పదు, పక్కవాడి మీద జరిగినదీ చెప్పదు.

ఇక ఏం చేయవచ్చు? ఫిన్లండులో తుర్కు విశ్వవిద్యాలయం 2006లో మొదలుపెట్టి, 2009 నుంచి దేశమంతటికీ విస్తరించిన కీవా అనే కార్యక్రమం చూస్తున్న పిల్లల మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టింది. అందులో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటి: వేధింపుకు గురైన పిల్లకు అండగా నిలబడమని, తరగతిలో అందరూ ఇష్టపడే ఇద్దరు ముగ్గురిని ఉపాధ్యాయులు విడిగా పిలిచి కోరడం. చేపల గంప తల్లి కూతురి విషయంలో అదే చేశాను. ముక్కు మూసుకున్న అమ్మాయిని పిలవలేదు. కబడ్డీ జట్టు కెప్టెన్‌ను, ఆమె స్నేహితురాలిని ప్రయోగశాలలోకి పిలిచాను. "ఆ అమ్మాయికి మన తరగతిలో ఎలా ఉంటోందని మీకు అనిపిస్తోందమ్మా?" అని అడిగాను. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత కెప్టెన్ "బాగోదు టీచర్" అన్నది. ఏం చేయగలరో మీరే చెప్పండి అన్నాను. నీతులు చెప్పలేదు. ఎవరి పేరూ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్న భోజనం దగ్గర కెప్టెన్ తన కంచం తీసుకువెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. స్నేహితురాలు ఇటు పక్క కూర్చుంది. తన గుడ్డులో సగం తీసి ఆ అమ్మాయి కంచంలో పెట్టింది. మొదటి రోజు చుట్టూ గుసగుసలు. రెండు మూడు వారాలకు చున్నీలు ముక్కు దగ్గరికి వెళ్లడం తగ్గింది. కెప్టెన్ పక్కన కూర్చున్నవాళ్ల మీద నవ్వితే కెప్టెన్ మీద నవ్వినట్టే కదా. అంతా బాగైపోయిందని చెప్పను. మొదటి ర్యాంకు అమ్మాయి ఈ రోజు వరకూ ఆమెతో మాట్లాడలేదు. ఆ తల్లి ఇప్పటికీ బడికి రాలేదు. 2024 డిసెంబరులో రాష్ట్రమంతటా పెద్ద ఎత్తున తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడూ పిన్నే వచ్చింది.

ఇంకొక చిన్న పని చేశాం. బడి పటం గీసి పిల్లలకు ఇచ్చి, ఎక్కడికి వెళ్లాలంటే భయమో అక్కడ పేరు రాయకుండా ఒక చుక్క పెట్టమన్నాం. మేం అనుకున్నట్టు ఆటస్థలంలో చుక్కలు పెద్దగా పడలేదు. కంచాలు కడిగే కుళాయిల దగ్గర, మరుగుదొడ్ల దారిలో, సైకిళ్ల షెడ్డు వెనక గుంపులు గుంపులుగా పడ్డాయి. 2022లో 3, 4, 5 తరగతులను చాలా చోట్ల ఉన్నత పాఠశాలల్లో కలిపినప్పుడు ఎనిమిదేళ్ల పిల్లలు, పదిహేనేళ్ల పిల్లలు ఒకే కుళాయి దగ్గర నిలబడ్డారు. అక్కడ ఏం జరుగుతుందో ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు భోజనం వేళ కుళాయిల దగ్గర ఒక ఉపాధ్యాయుడు ఉంటాడు. ఖర్చు ఏమీ లేదు.

ఫోను సంగతి వేరు. కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాల కోసం చేతికి వచ్చిన ఫోను తిరిగి వెనక్కి పోలేదు. తరగతి వాట్సాప్ గుంపులో ఒకరి ఫోటోకు పంది ముక్కు అతికించి పెడితే ముప్పై నవ్వు బొమ్మలు పడతాయి. బడి గంట కొడితే ఇల్లు అనే రక్షణ ఇంతకుముందు ఉండేది, ఇప్పుడు అదీ లేదు. అక్కడ కూడా నా మాట ఒకటే: నవ్వు బొమ్మ పెట్టడం కూడా ఏడిపించడమే. "ఇది తీసేయ్" అని ఒక్కరు రాస్తే చాలా గుంపులు చల్లబడతాయి. పరిస్థితి చేయి దాటుతోందని అనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయాలి. పిల్ల తిండి, నిద్ర మానేసినా, బతకాలని లేదన్నా ఏమాత్రం ఆలస్యం చేయకుండా మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416తో మాట్లాడాలి. ఈ రెండు నంబర్లూ మా బడి గోడ మీద రాయించాం.

తల్లిదండ్రులకు ఒక మనవి. "నిన్ను ఎవరైనా ఏడిపిస్తున్నారా?" అని అడిగితే ఏ పిల్లా సరైన జవాబు చెప్పదు. "మీ తరగతిలో అందరూ ఎవరిని చూసి నవ్వుతారు? అప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు వస్తుంది. రెండో ప్రశ్నకు రాదు. తొందరపెట్టకండి.

మాకు ఇంకా అందనిది ఆటో. పల్లెల నుంచి వచ్చే పిల్లలు ఆటోల్లో కిక్కిరిసి వస్తారు. పెద్ద పిల్లలు సీట్లు ఆక్రమిస్తారు, చిన్నవాళ్లను వేలాడేలా నిలబెడతారు, దారి పొడవునా పేర్లు పెట్టి పిలుస్తారు. ఆటో నడిపేవాళ్లు అద్దంలో చూస్తూ నవ్వుతారు. పిల్లలు పటం మీద చుక్కలు పెట్టినప్పుడు కొందరు బడి గేటు దాటి, కాగితం అంచున, రోడ్డు మీద పెట్టారు. వచ్చే నెల ఆటోవాళ్లను బడికి పిలుస్తున్నాం. వాళ్లలో సగం మంది మా పాత విద్యార్థులే, పిలిస్తే వస్తారు.